రెండు నాబ్‌ల మిషను

జూన్ 3

బావగారికి,

ఆ 'గారు' చూసి పొంగిపోకు. చేతికి అలవాటై పడింది. కొట్టేస్తే కాగితం పాడవుతుందని వదిలేశా.

మీ డిపో గేటు లోపలికి ఫోన్లు రానివ్వరు కాబట్టి బతికిపోయావ్. లేకపోతే ఈ తిట్లన్నీ నీ చెవిలోనే పోసేవాణ్ణి. పది రోజులు డిపోలో, రెండు రోజులు ఇంట్లో ఉండే మనిషివి. ఆ రెండ్రోజుల్లో నువ్వు చేసిన ఘనకార్యం ఏంటంటే, స్టవ్ నాబ్‌లు రెండూ పీకి జేబులో వేసుకుని పెట్రోలు ట్యాంకుల మధ్యకి పోవడం! అక్క నిన్న ఫోన్లో చెప్పింది. అదీ వెంటనే చెప్పలేదు. "ఏం వండావ్?" అంటే "మేడమీద టైలరమ్మ క్యారేజీ ఇచ్చింది" అంది. మొన్నా అదే, అంతకుముందూ అదే. రోజూ ఆవిడెందుకిస్తోందని గట్టిగా అడిగితే అప్పుడు బయటికొచ్చింది: "మీ బావ నాబ్‌లు తీసుకుపోయాడు రా."

పదకొండేళ్లు హాస్టల్ మెస్సులో రెండొందల మందికి వండిన మనిషి బావా అది! ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటకి మెట్ల మీద క్యారేజీ చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చుంటోంది. అక్కకి చూపు తగ్గింది, కాదన్లేదు. డాక్టరు చెప్పింది నాకూ తెలుసు. చూసేదాని నడిమధ్యలో మసక, చుట్టూ అంచులు మాత్రం కనిపిస్తాయి. మన మొహం చూడాలంటే మన చెవి వైపు చూడాలి. అయితే ఏంటి? చెయ్యి పోయిందా? ముక్కు పోయిందా? ఉప్పు ఎంత పడాలో అది ఎప్పుడైనా కళ్ళతో చూసి వేసిందా?

నువ్వు నాబ్‌లు ఇవ్వకు. జేబులోనే పెట్టుకో, దిండు కింద పెట్టుకో. నేను వేరే దారి చూశా. నేను పనిచేసేది ఇంటి మిషన్ల షాపులో అని గుర్తుందా? వెనకాల రిటర్నుల బల్ల నాది. జనం బాలేదని తిరిగిచ్చేవన్నీ దాని మీదికే వస్తాయి. విప్పుతా, నడిపి చూస్తా, ఏం పోయిందో రాస్తా. కాబట్టి ఏ మిషను ఏంటో నాకు చెప్పక్కర్లేదు. అక్కకి ఎయిర్ ఫ్రైయర్ పంపిస్తున్నా. దానికి మంట ఉండదు, గ్యాస్ ఉండదు, మూకుడు నిండా కాగే నూనె ఉండదు. లోపల వేడిగాలి తిరుగుతుంది, దాంతోనే వేగిపోతుంది. ప్లగ్గు పెట్టి నొక్కడమే.

అల్లాటప్పాది కాదు. షాపులో అన్నిటికంటే పెద్దది. రెండు బాస్కెట్లు, ముందు నల్లటి అద్దం, నొక్కితే పన్నెండు బొమ్మలు వెలుగుతాయి. చూసినవాడి కళ్ళు తిరగాలి. ముఖ్యంగా నీవి.

దాని నాబ్‌లు పీకుదామని చూడకు. దానికి నాబ్‌లే లేవు.

నీ మీద కోపం ఇప్పట్లో తగ్గని,
నీ బావమరిది


జూన్ 11

బావమరిదికి,

ఉత్తరం అందింది. మిషనూ అందింది. నేను ఇంట్లో ఉన్న రోజే వచ్చింది కాబట్టి పెట్టె నేనే విప్పాను.

బాగా పెద్దది. గట్టు మీద అల్మారా కింద పట్టలేదు. డైనింగ్ టేబుల్ మీద పెట్టాం, ఇప్పుడు కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నాం. అది పెద్ద విషయం కాదు.

మీ అక్క వేలు పెడితే అద్దం మీద జారిపోతోంది. ఎక్కడ నొక్కిందో వేలికి తెలియదు. ఆలుగడ్డ ముక్కలు కుడి బాస్కెట్లో వేసింది, ఆన్ అయింది ఎడమది. ఇరవై నిమిషాలు ఖాళీ బాస్కెట్ కాలింది. తీసి చూస్తే ముక్కలు పచ్చిగా ఉన్నాయి. మళ్ళీ పెట్టింది. ఈసారి ఏ బొమ్మ మీద వేలు పడిందో, ఆరు నిమిషాలకే ఆగిపోయింది. మూడోసారి పెట్టలేదు. మిషను మీద టవల్ కప్పి వెళ్ళి పడుకుంది. నీకు చెప్పొద్దంది. నేను చెబుతున్నాను.

దీన్ని వెనక్కి తీసుకో. పంపాలనుకుంటే ఒక్కటే బాస్కెట్ ఉన్నది, చేత్తో తిప్పేది, చిన్నది పంపు. స్క్రీన్ వద్దు. సాదాది చాలు.

నాబ్‌ల గురించి నేను చెప్పేదేమీ లేదు.

మీ బావ


జూన్ 18

బావా,

చూశావా, 'గారు' తీసేశా. ఈసారి చెయ్యి కూడా ఒప్పుకుంది.

నీ ఉత్తరం చదివి వెంటనే అక్కకి ఫోన్ చేశా. "మిషను ఎలా ఉందే?" అన్నా. "చాలా బాగుంది రా, రోజూ వాడుతున్నా" అంది. "రెండు బాస్కెట్లూ వాడుతున్నావా?" అంటే "ఆ, రెండూ" అంది. మరి టవల్ కప్పి పడుకున్నది ఎవరు? నువ్వా?

నువ్వు చెప్పేది ఒకటి, అక్క చెప్పేది ఒకటి. ఎవర్ని నమ్మాలి నేను? తొమ్మిదో తరగతి మధ్యలో బడి గోడ దూకి ఇంటికొస్తే చీపురు తిరగేసి కొట్టి, కొట్టిన చేత్తోనే అన్నం కలిపి పెట్టిన మనిషినా? పెళ్ళాం పొయ్యి నాబ్‌లు జేబులో పెట్టుకుని ఊరేగే మనిషినా?

"సాదాది చాలు" అంట! ఆ ముక్క నాకు అర్థం కాలేదనుకున్నావా? చదువు లేనివాడు కొన్నది కదా, వాడి తాహతుకి సాదాదే నయం. చూపు లేనిదానికి సాదాదే ఎక్కువ. అంతేగా నీ లెక్క? నా చేతిలో ఉన్నదాంట్లో గొప్పది ఏరి పంపిస్తే నీకు కంట్లో నలుసయింది. ఇంట్లో నువ్వు కొనని గొప్ప వస్తువు ఒకటి కూర్చుంటే నీ పెద్దరికం కరిగిపోతుంది మరి. నువ్వే దాన్ని అటక మీదికి ఎక్కించి ఉంటావ్. అక్క నీ పరువు కాపాడటానికి నాతో బాగుందని చెబుతోంది.

ఇంకోటి. నాబ్‌ల గురించి చెప్పేదేమీ లేదని రాశావ్ కదా. నాకు ఉంది. మీ డిపో ఆఫీసుకి ఫోన్ చేశా. చాలా అవసరమైతేనే చెయ్యాలన్నారు. నాకిది అవసరమే అన్నా. మీ సూపర్‌వైజరు ఎత్తాడు. చెప్పేశా: మీ దగ్గర మంటలార్పే డ్రిల్లు నేర్పే మనిషి చూపు సరిగా లేని పెళ్ళాన్ని పస్తు పెట్టి, స్టవ్ నాబ్‌లు జేబులో వేసుకుని మీ దగ్గర తిరుగుతున్నాడు, అడగండి, అని.

ఇప్పుడు వాళ్ళకి చెప్పుకో.

ఇక నిన్ను బావా అని పిలవాలో వద్దో ఆలోచిస్తున్న,
నేను


జూన్ 27

ఒరేయ్,

నిన్ను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఒరేయ్ అనలేదు. ఇవాళ అంటున్నాను.

నీ ఫోన్ వచ్చిన రోజు నాలుగింటికి, టీ టైములో, పదహారు మంది ముందు సూపర్‌వైజరు నన్ను నిలబెట్టాడు. "జేబులు బయటికి తియ్యి" అన్నాడు. తీశాను. రెండు నాబ్‌లు బల్ల మీద పడ్డాయి. మా దగ్గర ట్యాంకుల వైపు వెళ్ళేవాడి జేబులో గేటు పుస్తకంలో రాయించని వస్తువు ఏదీ ఉండకూడదు. ఆ రూలు కొత్తవాళ్ళకి చెప్పేది నేనే. పదేళ్ళుగా నేనే చెబుతున్నాను. ఇవి ఎందుకు పెట్టుకున్నావని అడిగారు. చెప్పలేదు. నీకూ చెప్పను.

డ్రిల్లు నేర్పే పని తీసేశారు. ఇప్పుడు గొట్టాలకి రంగు వేయిస్తున్నారు. నేను నేర్పిన కుర్రాళ్ళే నన్ను 'స్టవ్ మేస్త్రీ' అంటున్నారు. పక్కన నిలబడి నవ్వుతున్నారు. నీకు సంతోషమేనా? కడుపు నిండిందా?

నువ్వు షాపులో మిషన్లు బాగుచేస్తావ్. బాగుంది. ఎవరు వాడతారో ఎప్పుడైనా చూశావా? మా దగ్గర పొగ డ్రిల్లు అని ఒకటుంది. కళ్ళద్దాలకి నడిమధ్య గ్రీజు పూసి తొడిగిస్తాం. ఏమీ కనిపించదు, అంచుల్లో కొంచెం వెలుతురు తెలుస్తుంది. ఆ కళ్ళద్దాలతో వెళ్ళి చేతులతో తడిమి వాల్వు కట్టాలి. గ్లౌజు వేసుకున్న చేతికి దొరకని వాల్వు మా డిపోలో ఉండదు. ఉంటే మార్చేస్తాం. అద్దం మీద బొమ్మలు పెట్టిన వాల్వు ఒక్కటి కూడా లేదు. ఎందుకో ఆలోచించు, నీకు బుర్ర ఉంటే.

ఒక పని చెయ్యి. కళ్ళద్దాలకి గ్రీజు పూసుకో. నువ్వు పంపిన గొప్ప మిషను లాంటిది ఒకటి మీ షాపులో ఉంటుందిగా, దాంట్లో నాలుగు ఆలుగడ్డ ముక్కలు వేయించు. ఎవర్నీ అడగకూడదు. కళ్ళద్దాలు తియ్యకూడదు. ఆ తర్వాత నాకు ఉత్తరం రాయి. అప్పటిదాకా రాయకు.

మీ అక్క మొగుడు


జూలై 6

బావా,

చేశా.

కళ్ళద్దాలు మా బిల్లింగ్ అమ్మాయివి, పాతవి. గ్రీజు ఫ్యాన్ బేరింగులకి వాడేది. మధ్యాహ్నం భోజనాల టైములో బల్ల దగ్గర మొదలుపెట్టా. గోడౌన్ పెద్దాయన వచ్చి, "ఏరా, మిషన్లతో దాగుడుమూతలా?" అన్నాడు. ఐదు నిమిషాల్లో షాపులో వాళ్ళంతా చుట్టూ మూగారు. ఆలుగడ్డ కూడా ఎవరో తెచ్చారు, వినోదం కోసం.

నేను పంపిన మోడలే. ముందు ప్లగ్గు దొరకలేదు. అది వేరే విషయం. అద్దం మీద నొక్కా, పీప్ మంది. ఏం పీప్? ఆన్ అయిందా, ఆగిందా, వద్దందా? అన్నిటికీ ఒకటే పీప్! ఒకచోట నొక్కితే రెండు వైపులా గాలి లేచింది. ఆపుదామని నొక్కితే ఇంకా ఎక్కువైంది. అక్క చెప్పినట్టు అంచులోంచి చూద్దామని మెడ తిప్పితే లైటు పడి అద్దమంతా మెరుపు. అరగంట అయింది. చెమట పట్టింది. చివరికి పిడికిలితో దాని మొహం మీద ఒక్కటి ఇచ్చా. బిల్లింగ్ అమ్మాయి, "వండుతున్నావా, కొట్లాడుతున్నావా?" అంది. అందరూ నవ్వారు.

ఆ నవ్వు నాకు నచ్చలేదు బావా. తొమ్మిదో తరగతిలో లెక్కల సారు నన్ను బోర్డు దగ్గర నిలబెట్టినప్పుడు నవ్విన నవ్వది. రానిదాన్ని అందరి ముందు రాదని చూపించే నవ్వు. అక్క దగ్గరికి నేనే ఆ బోర్డు పంపించా.

కళ్ళద్దాలు తియ్యలేదు. పంతం వచ్చింది. బల్ల మీద ఉన్న ప్రతి ఎయిర్ ఫ్రైయర్ తిప్పి చూశా, వారం రోజులు, రోజూ భోజనం మానేసి. ఒకదానికి బటన్లు వేలికి తగులుతున్నాయి గానీ పదిహేను నిమిషాలు పెట్టాలంటే పదిహేనుసార్లు నొక్కాలి, మధ్యలో లెక్క తప్పితే మళ్ళీ మొదటికి. ఒకదాని పిడి మీద బాస్కెట్ విడిపోయే మీట ఉంది. బొటనవేలు తగిలి ఊడి నా పాదం మీద పడింది. చల్లగా ఉంది కాబట్టి సరిపోయింది, వేడిదైతే? ఇంకోదాన్ని ఫోన్లో నడపాలట. ఫోన్లో! దాన్ని చూస్తే ఎవర్ని తన్నాలో తెలియలేదు.

ఆఖర్న ఒకటి దొరికింది. ఎప్పుడూ మూలన పడి ఉండేది, మేమెవరం దాని మొహం కూడా చూడం. ఒక్కటే బాస్కెట్. రెండు నాబ్‌లు. పైది వేడికి, కిందది టైముకి. టైముది తిప్పుతుంటే టిక్ టిక్ మని చేతికి తెలుస్తుంది, అయిపోతే టింగ్ మని గంట కొడుతుంది. బాస్కెట్ లాగితే దానంతటదే ఆగుతుంది, తోస్తే మళ్ళీ మొదలవుతుంది. పిడి వేడెక్కదు, ఊడదు. నీకూ అక్కకీ పాపకీ ఒక పూటకి సరిపోతుంది. మొదటిసారే ముక్కలు వేగాయి. కళ్ళద్దాలతోనే తిన్నా.

పైనాబ్‌కి టిక్‌లు లేవు. అందుకని నూటఎనభై దగ్గర జిగురు బొట్టు పెట్టి ఎండబెట్టా. వేలు పెడితే తగులుతుంది. రేపు పంపిస్తున్నా. పెద్దదాన్ని మా బండివాడు వచ్చి తీసుకుపోతాడు.

సాదాది కావాలన్నావ్. నువ్వే కరెక్టు. ఇది రాయడానికి నాకు ఎంత కష్టంగా ఉందో నీకు తెలియదు.

కానీ ఇక్కడితో అయిపోలేదు. మిషను సంగతి వేరు, నాబ్‌ల సంగతి వేరు. గ్రీజు కళ్ళద్దాలు పెట్టుకున్నా కూడా ఎవరైనా నా చేతిలోంచి పని లాక్కుంటే నేను కొరికేసేవాణ్ణి. నువ్వు అక్క చేతిలోంచి లాక్కున్నావ్. ఎందుకో చెప్పు. చెప్పేదాకా నీ మీద నా కోపం అట్లాగే ఉంటుంది.

నీ బావమరిది


జూలై 16

బావమరిదికి,

మిషను వచ్చింది. అల్మారా కింద పట్టింది. మీ అక్క నాలుగు రోజులుగా ఎవర్నీ వంటింట్లోకి రానివ్వడం లేదు.

ఇంతకంటే నేను రాయలేను. ఈ కాగితం మీ అక్క లాక్కుంటోంది.

మీ బావ

ఒరేయ్ గాలోడా,

నేనే రాస్తున్నా. టైలరమ్మ బట్టల సుద్దతో గీతలు గీసిచ్చింది. గీత దాటితే సర్దుకుని చదువుకో.

మీ బావ సంచి ఉతుకుదామని ఖాళీ చేస్తే నీ ఉత్తరాలు దొరికాయి. టైలరమ్మ చేత చదివించుకున్నా. మొదటిదానికి ఆవిడ నవ్వింది. రెండోదానికి నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

నాబ్‌లు పీకమన్నది నేను.

విను. మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం ఎడమ పొయ్యి నాబ్ తిప్పి కుడి పొయ్యి దగ్గర లైటరు కొట్టా. వెలగలేదు. లైటరు పాడైందేమో అనుకుని అగ్గిపెట్టె కోసం ముందు గదిలోకి వెళ్ళా. అక్కడ వెతుకుతూ టైలరమ్మ పిలిస్తే మాటల్లో పడిపోయా. నా కూతురు వంటింటి గుమ్మం పక్కనే చాప మీద నిద్రపోతోంది. ఆ రోజు మీ బావ సెలవు మీద వచ్చాడు కాబట్టి, తలుపు తీయగానే వాసన పట్టాడు. పిల్లని ఎత్తుకుని మెట్ల మీద పడుకోబెట్టాడు. సిలిండరు కట్టేశాడు, కిటికీలన్నీ తెరిచాడు. నా చేతిలో అగ్గిపెట్టె ఉంది రా. నా చేతిలోనే.

మీ బావ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నేనే అన్నా, పీకెయ్ వాటిని అని. ఇంట్లో పెడితే ఎక్కడ దాచినా తడిమి పట్టుకుంటా, నాకు తెలుసు నా సంగతి, నీతో పట్టుకుపో అన్నా. పట్టుకుపోయాడు.

నీకు మీ బావ తీసుకుపోయాడని చెప్పా. నా పిల్లని నేనే చంపబోయానని నీకు ఫోన్లో ఎట్లా చెప్పను? ఎవరో ఒకరి మీద కోపం రావాలి కదా, నా మీద నాకు వచ్చింది సరిపోలేదు, ఆయన మీదికి తోశా. నువ్వు ఆఫీసుకి ఫోన్ చేసి ఆయన పరువు తీస్తావని నాకేం తెలుసు? ఆయన ఆ సంగతి కూడా నాకు చెప్పలేదు. గొట్టాలకి రంగు వేస్తున్నాడని చొక్కా మీద మరకల వాసన పట్టి తెలుసుకున్నా.

తప్పు నాది. ఒప్పుకున్నా. ఇప్పుడు మీ తప్పు విను.

నా వంటిల్లు. నా కళ్ళు. మీరిద్దరూ నెలన్నర నుంచి దాని గురించి ఉత్తరాలు రాసుకుంటున్నారు! ఒకడు పెద్దది అంటాడు, ఒకడు సాదాది అంటాడు. ఒకడు గ్రీజు పూసుకుంటాడు, ఇంకొకడు పూసుకోమంటాడు. ఇద్దరిలో ఒక్కడైనా, ఒక్కడంటే ఒక్కడైనా, నీకు ఏం కావాలి అని నన్ను అడిగాడా? రెండొందల మందికి వండా అని రాశావ్ కదా. ఆ రెండొందల మందీ ఏం కావాలో నేను అడిగే వండేదాన్ని.

చిన్న మిషను ఉంచుకుంటున్నా. బాగుంది. ఇది అబద్ధం కాదు. నూటఎనభై దగ్గర పెట్టిన జిగురు మాత్రం గీకేశా. నూటఎనభై మీద నువ్వు వండుకో. నేను టైము నాబ్ చివరిదాకా తిప్పి వదిలేస్తా. వాసన మారినప్పుడు బాస్కెట్ లాగుతా. నిన్న చికెన్ చేశా. పిల్ల ఇంకా అడిగింది.

మీ బావకి ఏం చెబుతావో చెప్పుకో. నాకు చెప్పకు.

అక్క


జూలై 24

బావగారికి,

ఈసారి ఆ 'గారు' కావాలనే రాశా.

అక్క ఉత్తరం మూడుసార్లు చదివా. తర్వాత ఎవరి మీద కోపపడాలో వెతికా. నీ మీద కుదరదు. అక్క మీద పడదామంటే ఆ అగ్గిపెట్టె గుర్తొస్తోంది. ఇక నేనే మిగిలా. నీ మీద మాత్రం ఒక్క రవ్వ ఉంచుకుంటా. ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది కదయ్యా! పదహారు మంది ముందు జేబులు బోర్లించుకుని కూడా నోరు విప్పలేదు. ఏం మనిషివి నువ్వు?

మంగళవారం సెలవు పెట్టి మీ డిపోకి వచ్చా. నువ్వు ట్యాంకు మీద రంగు వేస్తున్నావన్నారు. దూరం నుంచి చూశా. పిలవలేదు, మొహం చెల్లలేదు. టీ టైముకి మీవాళ్ళంతా గేటు బయట బల్లల దగ్గరికొచ్చారు. నువ్వు రాలేదు. నువ్వు ఆ టైముకి ఇప్పుడు రావట కదా. సరే, వాళ్ళ ముందే నిలబడి చెప్పా. ఆ రోజు ఫోన్ చేసింది నేనే, చెప్పింది తప్పు, ఆ మనిషి పస్తు పెట్టలేదు, ప్రాణాలు కాపాడాడు అన్నా. ఇంటి సంగతి అంతకంటే విప్పలేదు, అది అక్కది. నిన్ను స్టవ్ మేస్త్రీ అన్నవాడు ఎవడో గానీ తల దించుకున్నాడు. ఇంకొకాయన, "నువ్వేనా బావమరిదివి?" అని టీ ఇచ్చాడు.

మీ సూపర్‌వైజరు నోటి మాట కుదరదు, రాసివ్వు అన్నాడు. రాసిచ్చా. తప్పులుంటాయి, దిద్దుకోమన్నా. డ్రిల్లు పని నీకు తిరిగిస్తారా అని అడిగితే, పైవాళ్ళు చూడాలన్నాడు. గేటు రూలు గేటు రూలేనట. ఇస్తారో ఇవ్వరో నాకు తెలియదు బావా. ఇవ్వకపోతే అది నేను చేసిందే, నువ్వు మర్చిపోయినా నేను మర్చిపోను.

తర్వాత అక్కకి ఫోన్ చేశా. ఈసారి బుద్ధిగా ముందే అడిగా. "ఆదివారం వస్తున్నా, నీకేం కావాలి? ఏం తీసుకురాను?" అన్నా.

అక్క అంది:

"ఏమీ తేకు. నేను వండుతుంటే మీ బావా నువ్వూ వంటింటి గుమ్మం తొక్కకుండా మెట్ల మీద కూర్చోండి. అక్కా జాగ్రత్త అని ఒక్కడు అరిచినా ఇద్దరికీ అన్నం ఉండదు."

కాబట్టి బావా, ఆదివారం మెట్ల మీద కొంచెం జరిగి కూర్చో. నాకూ చోటు కావాలి.

నీ బావమరిది